చిన్న బోర్డు మీద సోర్స్ ఆధారిత లినక్స్: రాస్ప్‌బెర్రీ పై బోర్డులో జెంటూ నిర్వహణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సాఫ్ట్‌వేర్‌ను సిద్ధపరచిన రూపంలో కాక, సోర్స్ కోడ్ రూపంలో తెచ్చుకొని, వినియోగదారుడే తన యంత్రానికి తగినట్లు నిర్మించుకొనే లినక్స్ పంపిణీలలో జెంటూ ప్రసిద్ధమైనది. రాస్ప్‌బెర్రీ పై వంటి అల్పశక్తి గల ఒంటిబోర్డు కంప్యూటర్ మీద ఇట్టి వ్యవస్థను నడపడంలోని విధానాన్ని, ప్రయోజనాన్ని, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. వేగం కోసం ఈ శ్రమకు పూనుకొంటే దక్కేది స్వల్పమనీ, ఏ భాగం ఎందుకు ఉన్నదో ఎరిగి ఎంచుకొనే అధికారం, ఆ ఎంపికల లిఖిత నమోదు అసలైన ఫలితాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జెంటూ, రాస్ప్‌బెర్రీ పై, సోర్స్ కోడ్, కంపైలర్, పోర్టేజ్, యూజ్ ఫ్లాగులు, తెలుగు లిపి ప్రదర్శన.

1. ఉపోద్ఘాతం

2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై తొలి బోర్డు విక్రయానికి వచ్చింది. ధర 35 డాలర్లు. 700 మెగాహెర్ట్‌జ్ వేగంతో పనిచేసే ఒకే కోర్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్ దాని బలగం. బ్రిటన్‌లో బడిపిల్లలకు ప్రోగ్రామింగ్ అలవరచాలన్న తలంపుతో రూపొందిన ఈ బోర్డుకు ఆరంభంలోనే ఒక చిక్కు ఎదురైంది. దాని ప్రాసెసర్ ఆర్మ్‌వి6 తరానికి చెందినది. అయినా దశాంశ సంఖ్యల గణనకు ప్రత్యేకమైన ఫ్లోటింగ్ పాయింట్ విభాగం అందులో ఉన్నది. అప్పటికి డెబియన్ పంపిణీ ఆర్మ్ ప్రాసెసర్ల కోసం రెండు రూపాలను అందించేది. ఒకటి పాత ప్రాసెసర్లన్నింటికీ సరిపోయేది. అది ఫ్లోటింగ్ పాయింట్ విభాగాన్ని వాడుకోదు. రెండవది ఆ విభాగాన్ని చక్కగా వాడుకొనేదే గాని, కనీసం ఆర్మ్‌వి7 తరపు ప్రాసెసర్ ఉంటే తప్ప నడవదు. కొత్త బోర్డు ఈ రెండింటి నడుమ చిక్కుకొన్నది. గణన విభాగం యంత్రంలో ఉన్నది, దానిని పనిచేయించే సాఫ్ట్‌వేర్ లేదు.

మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ అనే ఇద్దరు డెబియన్ సోర్స్ కోడ్‌ను తీసుకొని, ఆర్మ్‌వి6 ప్రాసెసర్‌కు, దాని గణన విభాగానికి తగినట్లు మొత్తం పంపిణీని తిరిగి కంపైల్ చేయడానికి పూనుకొన్నారు. 2012 జూన్ నాటికి 35,000కు పైగా ప్యాకేజీలు అలా పునర్నిర్మితమయ్యాయి. అదే రాస్పియన్. ఈ బోర్డును కొన్నవారిలో అధికులు మొదట వాడిన వ్యవస్థ ఇదే అయినా, దాని వెనుక ఒక పునర్నిర్మాణ కథ ఉన్నదని ఎరిగినవారు తక్కువ.

సోర్స్ కోడ్ అందుబాటులో లేకుంటే ఆ పని సాధ్యమయ్యేది కాదు. అయితే సోర్స్ ఉన్నంత మాత్రాన పని జరగదు, ఎవరో ఒకరు ఆ శ్రమను తలకెత్తుకోవాలి. రాస్పియన్ విషయంలో ఇద్దరు అందరి కోసం చేసిన ఆ పనిని జెంటూ ప్రతి వినియోగదారుడి చేతికీ అప్పగిస్తుంది. శక్తి అంతంతమాత్రమైన యంత్రం మీద ఆ భారాన్ని మోపడం సమంజసమేనా అన్నది ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

2. జెంటూ స్వరూపం

డేనియల్ రాబిన్స్ తొలుత ఈనాక్ పేరుతో ఆరంభించిన పంపిణీ జెంటూగా మారి, 2002 మార్చి 31న 1.0 సంచికగా వెలువడింది. నీటిలో అత్యంత వేగంగా ఈదే పెంగ్విన్ జాతి పేరు దానికి పెట్టారు. ఫ్రీబీఎస్‌డీలోని పోర్ట్స్ పద్ధతి నుండి ప్రేరణ పొందిన ‘పోర్టేజ్’ ఈ వ్యవస్థకు గుండెకాయ. ఒక్కొక్క ప్యాకేజీకి ‘ఈబిల్డ్’ అనే చిన్న పాఠ్యఫైలు ఉంటుంది. సోర్స్ ఎక్కడ లభిస్తుంది, దేనిమీద ఆధారపడుతుంది, ఎట్లా నిర్మించాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. ‘ఎమర్జ్’ ఆదేశం ఇచ్చినప్పుడు పోర్టేజ్ ఆ ఫైలును చదివి, సోర్స్ దించి, కంపైల్ చేసి, వ్యవస్థలో స్థాపిస్తుంది.

వినియోగదారుడి నిర్ణయాలు ప్రధానంగా రెండు విధాలు. మొదటిది, కంపైలర్‌కు ఇచ్చే సూచనలు: ఏ ప్రాసెసర్ కోసం ఆదేశాలను తయారుచేయాలి, ఎంత మేరకు మెరుగుపరచాలి అన్నవి. రెండవది యూజ్ ఫ్లాగులు. ప్యాకేజీలోని ఐచ్ఛిక భాగాలలో ఏవి కావాలో, ఏవి అక్కరలేదో ఇవి చెబుతాయి. మానిటర్ తగిలించని బోర్డుకు గ్రాఫికల్ తెర తోడ్పాటు అనవసరం. ఎక్స్ ఫ్లాగును తొలగిస్తే దానిపై ఆధారపడే లైబ్రరీల వరుస మొత్తం వ్యవస్థలోకి రాకుండా ఆగిపోతుంది.

తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఈ భేదం సులభంగానే బోధపడుతుంది. అచ్చుప్రతి చేతికి వచ్చేసరికి పాఠనిర్ణయాలన్నీ పరిష్కర్త చేసి ముగించి ఉంటాడు. ప్రతులనే దగ్గర పెట్టుకొన్నవాడు ఆ నిర్ణయాలను తానే చేయాలి, తప్పులకు తానే బాధ్యుడు కావాలి. బైనరీ పంపిణీ అచ్చుప్రతి వంటిది. దానిని తక్కువచేసి చూడనక్కరలేదు, లోకంలో అధికశాతం అవసరాలకు అదే సరిపోతుంది.

3. స్థాపనలో ఎదురయ్యే ప్రత్యేకతలు

సాధారణ పర్సనల్ కంప్యూటర్‌లో స్థాపించే విధానం ఈ బోర్డుకు యథాతథంగా వర్తించదు. ఎస్‌డీ కార్డును మరొక కంప్యూటర్‌లో పెట్టి, ఒక చిన్న ఫ్యాట్ విభాగాన్ని, ఒక పెద్ద లినక్స్ విభాగాన్ని ఏర్పరచాలి. పెద్ద విభాగంలో ‘స్టేజ్ 3’ అనే ఆరంభ సంపుటిని విప్పాలి. కంపైలర్‌తో సహా కనీస వ్యవస్థ అంతా అందులో ముందే నిర్మితమై ఉంటుంది. 64 బిట్ల బోర్డులకు ఆర్మ్64 సంపుటి, తొలితరం బోర్డుకు ఆర్మ్‌వి6 సంపుటి తీసుకోవాలి. చిన్న విభాగంలో ఫర్మ్‌వేర్ ఫైళ్లు, కెర్నల్, రెండు అమరిక ఫైళ్లు ఉండాలి.

ఇక్కడ కొత్తవారు తరచుగా తడబడే చోటు ఒకటున్నది. నిర్వాహక ఖాతాకు సంకేతపదం పెట్టే ప్రోగ్రామ్ ఆర్మ్ ప్రాసెసర్ కోసం నిర్మితమైనది కనుక, కార్డును సిద్ధపరుస్తున్న ఇంటెల్ కంప్యూటర్‌లో అది నేరుగా నడవదు. సంకేతపదపు గుప్తరూపాన్ని విడిగా తయారుచేసి, తగిన ఫైలులో చేతితోనే అతికించాలి. ఇది మరచితే బోర్డు చక్కగా బూట్ అయి, లోపలికి మాత్రం ఎవరినీ రానివ్వదు.

గడియారం మరొక చిక్కు. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు గల బోర్డులలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. విద్యుత్తు ఆగి తిరిగి వచ్చినప్పుడు బోర్డుకు కాలం తెలియదు. కాలం వెనుకబడితే సురక్షిత వెబ్ అనుసంధానాలు ధ్రువపత్రాలు ఇంకా అమలులోకి రాలేదని భావించి తిరస్కరిస్తాయి. ఫైళ్ల తేదీలను పోల్చి పనిచేసే నిర్మాణ సాధనాలు దేనిని తిరిగి కంపైల్ చేయాలో తెలియక తికమకపడతాయి. జెంటూలోని ఓపెన్‌ఆర్‌సీ, క్రితంసారి ఆగిన సమయాన్ని గుర్తుపెట్టుకొని అక్కడి నుండి లెక్క మొదలుపెట్టే చిన్న సేవను ఇందుకోసం అందిస్తుంది. ఆ తరువాత నెట్‌వర్క్ ద్వారా సరైన సమయాన్ని తెచ్చుకోవచ్చు.

‘అంతా సోర్స్ నుండే’ అన్న మాటకు ఉన్న హద్దును కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ బోర్డులో మొదట మేల్కొనేది ఆర్మ్ ప్రాసెసర్ కాదు, వీడియోకోర్ అనే గ్రాఫిక్స్ విభాగం. అదే ఫర్మ్‌వేర్‌ను చదివి, కెర్నల్‌ను జ్ఞాపకంలోకి ఎక్కించి, ఆపైన ఆర్మ్ ప్రాసెసర్‌ను లేపుతుంది. ఆ ఫర్మ్‌వేర్ తయారీదారు ఇచ్చే బైనరీ రూపంలోనే లభిస్తుంది, దానిని ఏ పోర్టేజూ కంపైల్ చేయలేదు. పునాది రాయి మరొకరిదే అన్నమాట. పైగా స్టేజ్ 3లోని కంపైలర్‌ను కూడా ఎవరో నిర్మించినదే నమ్మి తీసుకొంటున్నాము. యునిక్స్ నిర్మాతలలో ఒకడైన కెన్ థాంప్సన్ తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ఈ సంగతినే ఎత్తిచూపాడు. 1984లో ప్రచురితమైన ఆ ప్రసంగం ప్రకారం, కంపైలర్‌లోనే మోసం దాగి ఉంటే సోర్స్‌ను ఎంత శ్రద్ధగా చదివినా అది కంటబడదు. సోర్స్ ఆధారిత వ్యవస్థ నమ్మకపు అవసరాన్ని తగ్గిస్తుందే గాని తొలగించదు.

4. కంపైలేషన్ భారం

ప్రాసెసర్ నెమ్మదితనం కంటే ర్యామ్ కొరతే ఈ బోర్డులలో పెద్ద అడ్డంకి. సీ++ భాషలోని భారీ ఫైలును కంపైల్ చేసేటప్పుడు ఒక్క కంపైలర్ ప్రక్రియే గిగాబైటుకు మించి జ్ఞాపకాన్ని ఆక్రమించగలదు. సమాంతరంగా నడిచే ఒక్కొక్క కంపైలర్ పనికి సుమారు 2 గిగాబైట్ల ర్యామ్ చొప్పున లెక్కవేసుకోవాలని జెంటూ మార్గదర్శకం సూచిస్తుంది. దాని ప్రకారం 4 గిగాబైట్ల రాస్ప్‌బెర్రీ పై 4లో నాలుగు కోర్లు ఉన్నా, రెండు పనులకే పరిమితం కావాలి. నాలుగింటినీ వాడదామన్న ఆశతో హద్దు మీరితే, ర్యామ్ నిండిపోయి కెర్నల్ కంపైలర్‌నే చంపివేస్తుంది. అప్పుడు కనిపించే దోషసందేశం సోర్స్‌లోనే ఏదో తప్పున్నట్లు తోపింపజేస్తుంది. గంటల తరబడి సాగిన పని చివరి ఘట్టంలో ఇలా కూలిపోవడం ఈ బోర్డుల మీద జెంటూ నడిపేవారికి అరుదైన అనుభవమేమీ కాదు.

ఆ కొరతను పూడ్చడానికి ఎస్‌డీ కార్డు మీద స్వాప్ పెడితే కార్డు ఆయుష్షు తరుగుతుంది, వేగమూ దక్కదు. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి వాడే జీర్యామ్ పద్ధతి కొంత మేలు. నిర్మాణపు తాత్కాలిక ఫైళ్లను ర్యామ్‌లో ఉంచితే కార్డుకు రక్ష దొరుకుతుంది గాని, ఉన్న కొద్ది ర్యామ్‌ను ఆ ఫైళ్లే తినివేస్తాయి. యూఎస్‌బీకి తగిలించిన ఎస్‌ఎస్‌డీ ఈ సమస్యలలో సగాన్ని ఒక్క దెబ్బతో తీరుస్తుంది.

వేడి సంగతి కూడా గమనించాలి. కంపైలేషన్ అన్ని కోర్లను ఎడతెగకుండా పనిచేయిస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 4లో ప్రాసెసర్ వేడి 80 డిగ్రీల సెల్సియస్‌ను చేరగానే ఫర్మ్‌వేర్ దాని వేగాన్ని తగ్గించడం మొదలుపెడుతుంది. కోస్తాలోనో తెలంగాణలోనో మే నెలలో, ఫ్యాను లేని పెట్టెలో బిగించిన బోర్డు ఆ హద్దును చేరడానికి ఎంతోసేపు పట్టదు. బలహీనమైన ఛార్జరు పెట్టినా పని కుంటుపడుతుంది. ఈ బోర్డుకు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు ఇవ్వగల విద్యుత్ సాధనం కావాలి.

ఇన్ని కష్టాలకోర్చి నిర్మించుకొన్నందుకు వేగం ఎంత పెరుగుతుంది? సాధారణ వాడుకలో స్వల్పం. తొలి బోర్డు విషయంలో తేడా పెద్దది. ఎందుకంటే అక్కడ గణన విభాగం మొత్తమే నిరుపయోగంగా పడి ఉన్నది. నేటి 64 బిట్ల ప్రాసెసర్లలో అటువంటి అగాధం లేదు. పైగా ముఖ్యమైన లైబ్రరీలు నడిచే సమయంలోనే ప్రాసెసర్ శక్తిని గుర్తించి, తగిన దారిని ఎంచుకొంటున్నాయి. 2020లో వచ్చిన జీసీసీ 10 కంపైలర్, కొత్త ప్రాసెసర్లలోని అణుక్రియా ఆదేశాలను ఉన్నచోట వాడి, లేనిచోట మానే ఏర్పాటును 64 బిట్ల ఆర్మ్‌కు అప్రమేయంగానే చేసింది. కాబట్టి బైనరీ పంపిణీలు కూడా ఆ లాభంలో అధికభాగాన్ని పొందుతున్నాయి. వేగమే లక్ష్యమైతే ఈ దారి పట్టనక్కరలేదు.

అయితే నిర్మాణం బోర్డు మీదనే జరగాలన్న నియమం ఏదీ లేదు. శ్రమను ఇతర యంత్రాలకు పంచే పద్ధతులలో డిస్ట్‌సీసీ పాతది, ప్రచారం పొందినది. బోర్డు తన ఫైళ్లను ప్రాథమికంగా సిద్ధపరచి నెట్‌వర్క్ ద్వారా బలమైన కంప్యూటర్‌కు పంపుతుంది. అక్కడ క్రాస్‌డెవ్ సాధనంతో సిద్ధపరచిన ఆర్మ్ కంపైలర్ వాటిని కంపైల్ చేసి వెనక్కు పంపుతుంది. ఈ పద్ధతిలో ‘ఈ యంత్రానికి తగినట్లు నిర్మించు’ అన్న అర్థం గల నేటివ్ సూచనను ఇవ్వకూడదు; సహాయక కంప్యూటర్ ‘ఈ యంత్రం’ అంటే తానే అనుకొంటుంది. కార్టెక్స్ ఏ72 అని ప్రాసెసర్ పేరును విడమరచి చెప్పాలి. డిస్ట్‌సీసీ సీ, సీ++ భాషలకే పనికివస్తుంది, రస్ట్‌కు పనికిరాదు. లింకింగ్ బోర్డు మీదనే జరగాలి. కంపైలేషన్‌కు ముందు వ్యవస్థలో ఏమేమి ఉన్నాయో వందలాది చిన్న పరీక్షలతో శోధించే ‘కన్ఫిగర్’ ఘట్టం కూడా అక్కడే, ఒకదాని వెనుక ఒకటిగా జరగాలి. చిన్న ప్యాకేజీలలో ఆ శోధనే అసలు కంపైలేషన్ కంటే ఎక్కువ కాలం తీసుకొంటుంది. కనుక సహాయక యంత్రం ఎంత బలమైనదైనా ఫలితం ఆశించినంత ఉండదు.

అంతకంటె మేలైన దారి, మొత్తం ప్యాకేజీని వేరొకచోట నిర్మించి బైనరీగా బోర్డుకు తేవడం. పోర్టేజ్‌లో ఇందుకు తగిన ఏర్పాటు చిరకాలంగా ఉన్నది. ఒక విభాగంలో పది బోర్డులు ఉంటే, 8 గిగాబైట్ల బోర్డు ఒకటి నిర్మించి, తక్కినవి దాని నుండి తెచ్చుకోవచ్చు. జెంటూ సంస్థ కూడా 2023 డిసెంబర్ 29న, ఇంటెల్ తరహా 64 బిట్ల యంత్రాలతో పాటు ఆర్మ్64కు విరివిగా బైనరీ ప్యాకేజీలను అందిస్తున్నట్లు ప్రకటించింది. వినియోగదారుడి యూజ్ ఫ్లాగులు ఆ బైనరీతో సరిపోలితే పోర్టేజ్ దానిని దించుకొంటుంది. సరిపోలకపోతే సోర్స్ నుండి నిర్మిస్తుంది. దీనిని జెంటూ తన ధర్మాన్ని తప్పడంగా భావించేవారున్నారు. ఆ అభిప్రాయం నిలవదు. నిర్ణయం వినియోగదారుడి చేతిలోనే ఉన్నది, మారినది చాకిరీ జరిగే స్థలం మాత్రమే.

అయినా వేరొకచోట నిర్మించినది ఆ చోటి స్వభావాన్ని వెంట తెస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 5లోని కార్టెక్స్ ఏ76 కోసం నిర్మించిన వ్యవస్థను పాత బోర్డులో పెడితే, ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం తగిలి ప్రోగ్రాములు ఆగిపోవచ్చు. దీనికి విపర్యయమూ ఉన్నది. రాస్ప్‌బెర్రీ పై 5కు తయారీదారు ఇచ్చే అప్రమేయ కెర్నల్ జ్ఞాపకాన్ని 16 కిలోబైట్ల పుటలుగా విభజిస్తుంది, పాత బోర్డులు 4 కిలోబైట్ల పుటలను వాడుతాయి. జెమాలాక్ అనే జ్ఞాపక నిర్వహణ లైబ్రరీ తనను నిర్మించిన యంత్రంలోని పుట పరిమాణాన్ని తనలో ఇముడ్చుకొంటుంది. 4 కిలోబైట్ల యంత్రంలో నిర్మించిన దానిని 16 కిలోబైట్ల కెర్నల్ మీదికి తెస్తే, ఆ పుట పరిమాణం తనకు చెల్లదని చెప్పి ఆగిపోతుంది. ఆ బోర్డు మీదనే నిర్మిస్తే ఈ పేచీ తలెత్తదు.

5. యూజ్ ఫ్లాగులు – తెలుగు లిపి

అనవసరమైనవన్నీ తొలగించాలన్న ఉత్సాహం జెంటూకు కొత్తగా వచ్చినవారిలో సహజం. ర్యామ్ తక్కువైన బోర్డు మీద ఆ ఉత్సాహం మరీ ఎక్కువ. తెలుగు పాఠ్యంతో పనిచేసేవారు ఇక్కడ జాగ్రత్త వహించాలి. రోమన్ లిపిలో ఒక అక్షరం పక్కన మరొక అక్షరాన్ని పేర్చితే చాలు. తెలుగులో హల్లుకు గుణింతపు గుర్తు కలవాలి, పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారి కిందికి దిగాలి. ఈ కూర్పు పనిని హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలు చేస్తాయి. పాంగో వంటివి దానిపై ఆధారపడి పంక్తులను అమరుస్తాయి. గ్రాఫికల్ తెర లేని బోర్డుకు ఇవెందుకని తొలగిస్తే, ఆ బోర్డు తయారుచేసే చిత్రాలలో, పీడీఎఫ్‌లలో ‘అమ్మ’ అన్న పదంలోని ఒత్తు విడిపోయి, ‘మ్’, ‘మ’ పక్కపక్కన నిలబడే ప్రమాదం ఉన్నది. ఫాంటులో దోషమున్నదని భ్రమపడి ఫాంట్లు మారుస్తూ పోవడం వలన ప్రయోజనం లేదు. లోపం నిర్మాణ సమయంలో తీసుకొన్న నిర్ణయంలో ఉన్నది.

ఇదే ఏర్పాటు అనుకూలంగానూ పనిచేస్తుంది. భాషల ఎంపికకు జెంటూలో ఎల్10ఎన్ అనే ప్రత్యేక అమరిక ఉన్నది. అందులో తెలుగును, ఇంగ్లీషును మాత్రమే పేర్కొంటే, లిబ్రేఆఫీస్ వంటివి ఆ రెండు భాషల సామగ్రితోనే వస్తాయి. అచ్చుపుటల నుండి అక్షరాలను గుర్తించే టెసరాక్ట్‌కు తెలుగు దత్తాంశం ఉన్నది. దానికీ ఈ ఎంపికే వర్తిస్తుంది. పాత పత్రికల పుటలను రాత్రంతా ఒక్కొక్కటిగా చదివి పెట్టే పనికి ఇట్టి బోర్డు చాలు. ఆ పనిలో వేగం కంటే ఆగకుండా సాగడమే ముఖ్యం.

6. నమోదు, నవీకరణ

పరిశోధకుల దృష్టిలో జెంటూకు గల విలువ, ప్రచారం తక్కువగా పొందిన ఒక అంశంలో ఉన్నది. స్థాపితమైన ప్రతి ప్యాకేజీకి సంబంధించి ఏ సంచిక, ఏ యూజ్ ఫ్లాగులు, కంపైలర్‌కు ఇచ్చిన ఏ సూచనలు అన్న వివరాలను పోర్టేజ్ సాధారణ పాఠ్యఫైళ్లలో నమోదు చేస్తుంది. వినియోగదారుడు తానుగా కోరినవి ఏవి, వాటికి ఆధారంగా వచ్చినవి ఏవి అన్న విభజన కూడా ‘వరల్డ్’ అనే ఫైలు వలన తెలుస్తుంది. గణనభాషాశాస్త్రంలో ఒక ఫలితాన్ని ప్రకటించినప్పుడు, అది ఏ సాధనాలతో, అవి ఎట్లా నిర్మితమై ఉండగా వచ్చిందో చూపగలగడం చిన్న విషయం కాదు.

అయితే ఈ నమోదు తనంతట తాను గతాన్ని తిరిగి తేలేదు. జెంటూలో ఏటేటా వెలువడే సంచికలు లేవు. ఈబిల్డుల భాండాగారం ప్రతిదినం మారుతూ ఉంటుంది, పాత సంచికలు కొంతకాలానికి తొలగిపోతాయి. రెండేళ్ల తరువాత అదే వ్యవస్థను నిర్మించాలంటే, నాటి భాండాగారపు నకలును, నాడు దించుకొన్న సోర్స్ సంపుటాలను విడిగా భద్రపరచి ఉండాలి.

నవీకరణను వాయిదా వేయడం ఈ వ్యవస్థలో శిక్షార్హమైన నేరం వంటిది. వారానికొకసారి చేస్తే కొద్దిపాటి పని. ఏడాది పాటు మూలన పడేస్తే పైథాన్ సంచికలు మారి ఉంటాయి, 2024లో 23.0 వచ్చినట్లుగా ప్రొఫైల్ మారి ఉండవచ్చు, ఒకదానిని మార్చబోతే మరొకటి అడ్డుపడుతుంది. పోర్టేజ్ ఇచ్చే సుదీర్ఘమైన అభ్యంతరాల జాబితాను చదివి ముడి విప్పడానికి గల ఓర్పు అందరికీ ఉండదు. వేసవి సెలవులలో ప్రయోగశాల తలుపులు మూసివేసే కళాశాలలు ఈ సంగతిని ముందే లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి పెద్ద మార్పుకు ముందు ఆ మార్పును ప్రకటించే జెంటూ వార్తాసందేశాలను చదివి, కార్డు మొత్తానికి ఒక నకలు తీసి పక్కన పెట్టుకొన్న తరువాతే ఎమర్జ్ ఆదేశం ఇవ్వాలి. నవీకరణ మధ్యలో విద్యుత్తు పోయినా, ఆ నకలున్న కార్డును పెట్టి బోర్డును తిరిగి నిలబెట్టడానికి కొద్ది నిమిషాలు చాలు.